మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది మంది గూఢచారులు

నిమ్మరసంతో రాసిన ఉత్తరాన్ని ఎల్‌ఈడీ బల్బు దగ్గర పెడితే ఏమీ కనపడదు. ఈ ముక్క నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మా చిన్నప్పుడు హాల్లో 60 వాట్ల బల్బు ఉండేది. దాని దగ్గర కాగితం పట్టుకుంటే కాసేపటికి అక్షరాలు గోధుమరంగులో తేలేవి. ఇప్పుడు మా ఇంట్లో బాత్రూం నుంచి దేవుడి గూటి దాకా అన్నీ ఎల్‌ఈడీలే. వెలుగు బోలెడు, వేడి లేదు. ఎనిమిది మంది పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే నేను స్టూలెక్కి, మెడ వెనక్కి వాల్చి, పది నిమిషాల పాటు ఆ తెల్లకాగితాన్ని బల్బుకు ఆనించి నిలబడ్డాను. "ఆంటీ, అసలు అందులో ఏమైనా రాశారా?" అని ఒకడు అడిగాడు.

మొదటి రోజు అలా మొదలైంది.

మేముండేది విజయవాడ సత్యనారాయణపురంలో, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో. మా వాడి పుట్టినరోజు మే నెలలో. తొమ్మిది నిండి పదో ఏడు వస్తుంది. ఈసారి 'స్పై పార్టీ' కావాలన్నాడు. పార్టీలు చేసిపెట్టేవాళ్ళకు ఫోన్ చేస్తే వాళ్ళు చెప్పిన రేటుకు నాకు కళ్ళు తిరిగాయి. పోనీ అంత పోస్తే వచ్చేదేమిటయ్యా అంటే నల్లరంగు కేకు, గోడకు ఫ్లెక్సీ, తలా ఒక ప్లాస్టిక్ తుపాకీ. తుపాకీ పట్టుకుని తిరిగేవాడు గూఢచారి ఎలా అవుతాడు, అరగంటలో పట్టుబడిపోతాడు గానీ. నేనే చేస్తానన్నాను. వారం రోజులు సాయంత్రం పూట శిక్షణ, పుట్టినరోజు నాడు ఆపరేషన్. మా ఆయన "నీకెందుకే ఈ తలనొప్పి" అన్నారు. అత్తయ్యగారు మాత్రం ఏమీ అనలేదు, వత్తులు చేసుకుంటూ కూర్చున్నారు.

దళం లెక్క ఇది. మా వాడు, రెండో అంతస్తు కవలలు, మూడో అంతస్తులో ఉండే, అడిగితే తప్ప నోరు తెరవని ఒక అమ్మాయి, నాలుగో అంతస్తు అబ్బాయి, కింది ఫ్లాట్ బుడ్డోడు, సెలవులకు గుంటూరు నుంచి వచ్చిన మా ఆడపడుచు పిల్లలిద్దరు. బుడ్డోడికి ఐదేళ్ళు. రహస్యం అంటే ఏమిటో వాడికి తెలుసు, అది వెంటనే వాళ్ళమ్మకు చెప్పాల్సిన విషయం.

బల్బు పరువు తీశాక ఇస్త్రీ పెట్టె బయటికి తీశాను. ప్లగ్గు పెట్టి రెండు నిమిషాలు కాలేదు, కరెంటు పోయింది. మే నెల సాయంత్రం, తిరగని ఫ్యాను, ఎనిమిది మంది పిల్లలు. ఇక లాభం లేదని అందరం గేటు పక్కన ఉండే ఇస్త్రీ బండి దగ్గరికి దిగాం. ఆయనది బొగ్గుల పెట్టె, కరెంటుతో పనిలేదు. "కాగితం ఇస్త్రీ చెయ్యాలామ్మా?" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. మొదటి కాగితానికి పెట్టె ఆనించాడో లేదో పొగ లేచింది. అక్షరాల బదులు ఇస్త్రీ పెట్టె మూతి ఆకారంలో నల్లటి మచ్చ మిగిలింది. రెండోదానికి ఆయనే ఉపాయం చెప్పాడు. కాగితం మీద పాత పంచె ముక్క పరిచి, పెట్టెను ఆనీ ఆనకుండా జరిపాడు. గుడ్డ ఎత్తేసరికి "మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక" అని గోధుమరంగులో ఐదు మాటలు. పిల్లలు పెట్టిన కేకకు ఎదురింటివాళ్ళు బాల్కనీలోకొచ్చారు.

ఇందులో మాయేమీ లేదు. రసంలో ఉండే ఆమ్లం, చక్కెరలు తగిలిన చోట కాగితం మిగతా చోటికన్నా ముందే మాడుతుంది, అంతే. పాలతో రాసినా, ఉల్లిపాయ రసంతో రాసినా ఇదే సంగతి. మేం తర్వాత నేర్చుకున్నవి రెండున్నాయి. రాయడానికి చెవుల్లో పెట్టుకునే దూదిపుల్ల బాగుంటుంది, పెన్నుతో రాస్తే గీత పడి దొరికిపోతాం. రసం పూర్తిగా ఆరాలి, తడి ఉంటే కాగితం ఉబ్బి కనపడుతుంది. ఇంకోటి మా వాడు కనిపెట్టాడు. ఖాళీ తెల్లకాగితం జేబులో పెట్టుకుని తిరిగేవాడినే ముందు అనుమానిస్తారు కదా అన్నాడు. అవును కదా అనిపించి, పైకి పెన్నుతో పచారీ సామాన్ల చీటీ రాయించి, రహస్యం వరసల మధ్య రాయించాను. కందిపప్పు కిలోకి, మినప్పప్పు అరకిలోకి మధ్యన ట్యాంకు సంగతి.

కాగితాలు తిరిగిస్తూ ఇస్త్రీ ఆయన "ఇవన్నీ ఎందుకమ్మా పిల్లలకి?" అన్నాడు. గూఢచారుల ఆట అని చెప్పాను. నవ్వాడు. "పదకొండేళ్ళ నుంచి ఈ ఐదంతస్తులూ ఎక్కి దిగుతున్నా. తలుపు తీసినోళ్ళు నా మొహం చూడరమ్మా. మూట చూస్తారు, లెక్క చూస్తారు." నేను కూడా నవ్వేసి వచ్చేశాను. మూడో అంతస్తు అమ్మాయి ఆయన పక్కనే నిలబడి వింది. అది నేను గమనించలేదు.

రెండో రోజు వంటసోడా. నీళ్ళలో సోడా కలిపి రాసి, ఆరాక పైన పసుపు నీళ్ళు పూస్తే అక్షరాలు ఎర్రగా లేస్తాయి. పసుపులో కర్‌క్యుమిన్ ఉంటుంది, దానికి క్షారం తగిలితే ఎర్రబడుతుంది అని నేను సైన్సు టీచర్ ఫోజులో చెబుతుంటే, అత్తయ్యగారు చేతిలో వత్తి పక్కన పెట్టి, "దిష్టినీళ్ళే కదర్రా" అన్నారు. గాలి తీసేశారు. నిజమే మరి, పసుపు నీళ్ళలో కాస్త సున్నం కలిపితే ఎర్రనీళ్ళు. పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టే పారాణీ అదే. నా ప్రయోగాన్ని ఆవిడ ఎన్ని వందల సార్లు మా గుమ్మం ముందు పారబోశారో. అంతటితో ఆగలేదు, ఎర్రబడ్డ అక్షరాల మీద నిమ్మచెక్క పిండారు. ఎరుపు విరిగిపోయి కాగితమంతా మళ్ళీ పసుపురంగే. చదివిన ఉత్తరాన్ని చింపకుండా మాయం చేసే పద్ధతి కూడా దొరికింది. (సున్నం మాత్రం పిల్లల చేతికివ్వలేదు, కంట్లో పడితే చాలా ప్రమాదం. సోడాతోనే సరిపెట్టాం. హాల్లో టైల్స్ మధ్య పట్టిన పసుపు ఇంకా వదల్లేదు.)

ఆ పూట నుంచి అత్తయ్యగారు వత్తుల డబ్బా మూసేసి మా శిక్షణలో చేరిపోయారు.

అసలు కష్టం రహస్యలిపి దగ్గర వచ్చింది. ఇంగ్లీషులో అయితే తేలిక, జూలియస్ సీజర్ మూడక్షరాలు జరిపి రాసేవాడట, ఎ బదులు డి, బి బదులు ఇ. తెలుగులో ఎలా జరపాలి? మొదట అచ్చులూ హల్లులూ కలిపి వరసగా అంకెలు వేయించాను. దీర్ఘాలకు ఏం చెయ్యాలి, ఒత్తులకు ఏం చెయ్యాలి అని కవలలు పోట్లాడుకున్నారు. 'ద్రాక్ష' అనే ఒక్క మాట రాయడానికి పావుగంట పట్టింది. రాసినవాడు కూడా మళ్ళీ చదవలేకపోయాడు.

విసుగొచ్చి గోడకున్న అక్షరాల చార్టు కేసి చూస్తూ కూర్చుంటే తట్టింది. క నుంచి మ దాకా ఐదు వరసలు, వరసకు ఐదక్షరాలు. మన పూర్వీకులు పెట్టె గీసి పెట్టే ఉంచారు. ప్రతి అక్షరాన్నీ ఒక మెట్టు కిందికి దింపితే చాలు. క కింద చ, చ కింద ట, ట కింద త, త కింద ప. ప వస్తే మళ్ళీ పైకెళ్ళి క. గుణింతం, సున్నా ఎక్కడివక్కడే ఉంటాయి. ఒత్తు మాత్రం అక్షరంతో పాటు దిగుతుంది. య ర ల వ మొదలు మిగిలినవాటిని ముట్టుకోం.

ముందుగా మా వాడు 'తాత' రాశాడు. ఒక మెట్టు దింపితే 'పాప' వచ్చింది. ఇల్లు ఎగిరిపోయింది. 'పాప' రాస్తే 'కాక'. 'తలుపు' రాస్తే 'పలుకు', అంటే శత్రువు చేతికి చిక్కినా మామూలు మాటే అనుకుంటాడు. గుంటూరు 'జుంతూరు' అయింది, మా ఆడపడుచు పిల్లలు ఒప్పుకోం అన్నారు. విజయవాడ 'విడయవాద' అయ్యాక శాంతించారు. అన్నిటికన్నా నాకు నచ్చింది 'అమ్మ'. మ దిగితే ఙ కదా, కాబట్టి 'అఙ్ఙ'. పలక మీద దిద్దినప్పటి నుంచి ఇన్నేళ్ళలో ఆ అక్షరానికి నా చేతిలో పని దొరకడం అదే మొదటిసారి. ఆ సాయంత్రమంతా మా వాడు నన్ను "అఙ్ఙా, మంచినీళ్ళు" అని పిలిచాడు. మనకిది కొత్తేమీ కాదు. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో రహస్యంగా రాయడం కూడా ఒకటి, మ్లేచ్ఛితవికల్పం అంటారు. పిల్లలకు ఆ పేరు పలకడమే ఒక శిక్షణ అయింది.

"రాసుకోవడం సరే, నలుగురి ముందు మాట్లాడుకోవాలంటే?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడది తెనాలి పక్కన పల్లెటూరు. అక్కచెల్లెళ్ళు ఐదుగురు. పెద్దవాళ్ళ ఎదురుగా ఒకళ్ళతో ఒకళ్ళు క భాషలో మాట్లాడుకునేవాళ్ళట. ప్రతి అక్షరం ముందూ ఒక క పెట్టడమే. "కమీకరెకవకరు?" అని గబగబా అడిగారు. పిల్లలు తెల్లమొహాలు వేశారు. 'మీరెవరు' అని మూడోసారికి కనిపెట్టింది మూడో అంతస్తు అమ్మాయే. మర్నాటికి ఎనిమిది మందికీ నోరు తిరిగింది. ఇక ఇల్లంతా కాకిగోల, మాటవరసకు కాదు, నిజంగానే. మా ఆయన ఆఫీసు ఫోన్ కాల్స్ బాల్కనీలోకి మారిపోయాయి.

వేలిముద్రలకు ఒక పూట పట్టింది. పెన్సిల్‌తో కాగితం మీద నల్లగా రుద్ది, ఆ నలుపులో వేలు అద్ది, పైన సెలోటేపు అంటించి లాగి, తెల్లకాగితం మీద అతికిస్తే గీత గీతా కనపడుతుంది. ఎనిమిది మందివి ఎనభై వేళ్ళు. అత్తయ్యగారు భూతద్దం పుచ్చుకుని ఇది శంఖం, ఇది చక్రం అని లెక్క మొదలెట్టారు. ఎవరికెన్ని చక్రాలుంటే ఏమవుతారో జాతకాలు కూడా చెప్పేశారు, నేను అడ్డం పడలేదు. పోలీసులు వేలిముద్రలను విడదీసేదీ ఇంచుమించు ఈ ఆకారాలను బట్టే. ఆ పద్ధతిని తీర్చిదిద్దడంలో ఎక్కువ కష్టపడ్డది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మన ఉద్యోగులు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి పోయింది, 'హెన్రీ పద్ధతి' అనే అంటారు. పిల్లలకు అది అన్యాయం అనిపించింది గానీ, వాళ్ళను నిజంగా పట్టి కూర్చోబెట్టింది కవలల వేళ్ళు. వాళ్ళను కన్నతల్లి కూడా ఒక్కోసారి తారుమారు చేస్తుంది. వేలిముద్రలు మాత్రం ఒకడివి ఒకడికి కలవలేదు. ఆ కాగితాలను ఇద్దరూ పర్సుల్లో పెట్టుకున్నారు. వాళ్ళు వేరు వేరు మనుషులని చెప్పే కాగితం వాళ్ళకు మొదటిసారి దొరికింది మరి.

ఇక వేషాలు. అందరికీ ఒకటే కావాలి, నల్లకోటు, టోపీ, నల్లకళ్ళద్దాలు. ఫ్యాన్సీ డ్రెస్ బట్టలు అద్దెకిచ్చే ఒక కొట్టుకు వెళ్ళి, నచ్చచెప్పడానికి పనికొస్తుందని ఒక్క కోటు, ఒక మీసం తెచ్చాను. కోటుకు ఇంతకుముందు వేసుకున్న పిల్లల వాసన. నాలుగో అంతస్తు అబ్బాయి ముందుకొచ్చాడు. ఎండ 40 దాటిన రోజు. సాయంత్రం ఐదింటికి ఆ కోటు వేసుకుని ఐదంతస్తులు దిగి ఎక్కేసరికి కృష్ణలో మునిగి లేచినట్టు వచ్చాడు. మీసం చెమటకు ఊడిపోతోందని మధ్యలో వాడే ఇంటికెళ్ళి, స్కూలు బ్యాగులో గమ్ తీసి పూసి అంటించుకున్నాడు. అది పీకడానికి గోరువెచ్చని నీళ్ళు, కొబ్బరినూనె, ముప్పావుగంట, వాళ్ళమ్మ మాటలు. పైపెదవి మీద రెండు రోజులు ఎర్రటి మీసం మిగిలింది. ఇంతా చేస్తే గేటు దగ్గర వాచ్‌మన్ "ఏం బాబూ, స్కూల్లో నాటకమా?" అని వాణ్ణి పేరుపెట్టి మరీ పలకరించాడట.

ఆ రాత్రి మా ఆయన బీరువాలోంచి అర్థశాస్త్రం తెలుగు అనువాదం తీశాను. కొన్నప్పటి నుంచి ఎవరూ తెరవలేదు. గూఢచారులను ఎలా పెట్టుకోవాలో కౌటిల్యుడు వరసబెట్టి చెప్పాడు, ఒక్కడికీ కోటు లేదు. ఒకడు సేద్యం చేసుకునే గృహస్థు. ఒకడు వ్యాపారి. భిక్షుకి వేషంలో తిరిగే ఆడవాళ్ళు. ఇంకొకడు తపసి, ఊరి బయట శిష్యులతో మకాం పెడతాడు, నెలకో రెండు నెలలకో ఒకసారి పిడికెడు ఆకుకూర అందరూ చూస్తుండగా తింటాడు, చాటుగా మాత్రం కావలసినంత లాగిస్తాడు. ఇది చదివి వినిపించాక తపసి ఉద్యోగం కోసం నలుగురు పోటీపడ్డారు. మా వాడికి దక్కింది. గడ్డం దూదితో చేశాం, కమండలానికి పాత స్టీలు చెంబు, చాటుగా తినడానికి చేగోడీలు. శిక్షణ కాలంలోనే డబ్బా ఖాళీ.

"వేషం బట్టల్లో ఉండదర్రా" అంటూ అత్తయ్యగారు లేచారు. వాళ్ళ ఊరికి పగటివేషాల వాళ్ళు వచ్చే రోజుల సంగతి చెప్పారు. ఒకసారి పన్నులు వసూలు చేసే అధికారి వేషంలో వచ్చినవాడికి వాళ్ళ నాన్న కుర్చీ వేసి మజ్జిగ ఇప్పించారట. నాటకాల్లో ఆడవేషాలు వేసే బాపట్ల స్థానం నరసింహారావుగారు సత్యభామగా నడిచొస్తే ఆడవాళ్ళు ఆ నడక చూసి నేర్చుకునేవాళ్ళని వాళ్ళమ్మ చెప్పేదట. చెబుతూ చెబుతూ ఆవిడ ఎడమచెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నారు. కుడిచెయ్యి వెనక్కి పెట్టి, ఒక చెప్పు ఈడ్చుకుంటూ, రెండడుగులకోసారి ఆగి పైకి చూస్తూ హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచారు. చీర మారలేదు, ముడి మారలేదు. "నాన్న!" అని మా వాడు, "మామయ్య!" అని ఆడపడుచు పిల్లలు ఒక్కసారే అరిచారు. సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని, ఒక చెప్పు ఈడ్చుకుంటూ బాల్కనీలోంచి లోపలికి వచ్చి, రెండడుగులు వేసి ఆగి పైకి చూశారు. బుడ్డోడు నవ్వి నవ్వి కిందపడ్డాడు. ఆయనకు కారణం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

అందరూ వెళ్ళాక మూడో అంతస్తు అమ్మాయి చెప్పులు వేసుకుంటూ, "ఆంటీ, నిజంగా ఆడవాళ్ళు కూడా ఉండేవాళ్ళా, ఈ మధ్య కాలంలో?" అని అడిగింది. నూర్ ఇనాయత్ ఖాన్ గురించి చెప్పాను. టిప్పు సుల్తాన్ వంశం. పిల్లల కోసం జాతక కథలను ఇంగ్లీషులో రాసింది. 1943లో బ్రిటిష్‌వాళ్ళు ఆమెను జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్సుకు వైర్‌లెస్ ఆపరేటర్‌గా పంపారు. తోటివాళ్ళు ఒక్కొక్కళ్ళే పట్టుబడుతున్నా, రోజుకో చోటికి మారుతూ కబుర్లు పంపుతూనే ఉంది. అక్కడితో ఆపేద్దామనుకున్నాను. "మళ్ళీ ఇంటికొచ్చిందా?" అంది. అబద్ధం చెప్పలేకపోయాను. ఎవరో పట్టిచ్చారని, 1944లో చంపేశారని, ఏమీ బయటపెట్టలేదని చెప్పాను. ఆ పిల్ల తలూపి వెళ్ళిపోయింది. పదేళ్ళ పిల్లకు చెప్పాల్సిన కథేనా అని ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

నా వల్ల జరిగిన తప్పు ఇంకోటుంది. నాలుగో రోజు తలా ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చి, "చుట్టూ ఏం జరుగుతోందో టైముతో సహా రాసుకు రండి" అన్నాను. పావురాలు, పిల్లులు, పాలప్యాకెట్ల బండి రాసుకొస్తారనుకున్నాను. పిల్లలు పని శ్రద్ధగా చేశారు. 'రాత్రి 9.10. ఐదో అంతస్తు అంకుల్ వచ్చారు. చేతిలో నల్ల కవరు. కవర్లో సీసాల చప్పుడు. మెట్లెక్కి వెళ్ళారు, లిఫ్టు వాడలేదు. అనుమానాస్పదం.' ఈ నోట్‌బుక్ లిఫ్టులో పడిపోయింది, అది కూడా ఆ ఇంటావిడకే దొరికింది. పేజీ ఫోటో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కింద పన్నెండు మెసేజ్‌లు, పదకొండు నామీద. నేను స్వయంగా ఐదో అంతస్తుకు వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన కోపంలో న్యాయముంది. నా రాకపోకలు ఎవరైనా అలా రాస్తే నేను ఊరుకుంటానా? ఆ రోజే నోట్‌బుక్‌లన్నీ వెనక్కి తీసుకుని కొత్త నియమం పెట్టాను, మనుషుల మీద నిఘా లేదు. వస్తువులు, జంతువులు, మనలో మనం, అంతే. గేటు దాటి ఆట లేదు. ఒంటరిగా ఎవరింట్లోకీ వెళ్ళకూడదు. బయటివాళ్ళను వెంబడించకూడదు. ఇవి మొదటి రోజే చెప్పాల్సిన మాటలు, మీరు గనక ఇది చేయిస్తే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

పెరిస్కోపు పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ లేదు. పొడుగాటి అట్టపెట్టె, వన్‌టౌన్‌లో కొన్న రెండు చిన్న అద్దాలు, అంచులకు టేపు. అద్దాలు 45 డిగ్రీల వాలులో, ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. చదరపు కాగితాన్ని మూలకు మూల కలిపి మడిస్తే ఆ కోణం అదే వస్తుంది, ప్రొట్రాక్టరు అక్కర్లేదు. మేం మొదట కొలవకుండా పెట్టాం, చూసినవాడికి వాడి గడ్డమే కనపడింది.

పుట్టినరోజు నాటి ఆపరేషన్ ఏమిటంటే, గేటు దగ్గర ఒక ఉత్తరం తీసుకుని మేడ మీద ట్యాంకు దాకా చేర్చాలి. దారిలో కాపలా వాచ్‌మన్, మా ఆయన, కవలల వాళ్ళమ్మ, మా గుమ్మంలో నేను. మేం పేరు పెట్టి పిలిస్తే వాళ్ళు దొరికినట్టే. నాలుగో అంతస్తు అబ్బాయి అంత జరిగాక కూడా కోటే వేసుకొచ్చాడు, గేటు దగ్గరే పోయాడు. కవలలు ఒకే చొక్కా వేసుకుని ఒకడు దొరికి రెండోవాడు దాటదామని చూశారు, మెట్ల మలుపులో పెరిస్కోపు పెట్టి చూస్తుంటే వాళ్ళమ్మే వెనక నుంచి వచ్చి పట్టుకుంది. ఆడపడుచు పిల్లల్లో పెద్దవాడు కొరియర్ అబ్బాయిలా వచ్చి "ఓటీపీ చెప్పండి సార్" అని మా ఆయన్ని నిజంగానే ఫోన్ వెతుక్కునేలా చేశాడు గానీ, నవ్వాపుకోలేక దొరికిపోయాడు. తపసికి గడ్డం నిండా చేగోడీ పొడి. బుడ్డోడు కాపలావాళ్ళందరికీ తానే వెళ్ళి "నేను మొక్కని" అని చెప్పొచ్చాడు, చేతిలో క్రోటన్ కొమ్మ.

నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కేకు వాళ్ళకు ఫోన్ చేస్తున్నాను. ఎవరో మెట్లెక్కి వచ్చారు. పాత లుంగీలో కట్టిన బట్టల మూట, కింద పెద్ద సైజు చెప్పులు టపటపలాడుతున్నాయి. "అక్కడ పెట్టెయ్, డబ్బులు రేపిస్తాలే" అన్నాను. మూట విప్పి, మా చొక్కాలు నాలుగు తీసి కుర్చీ చేతి మీద పెట్టి, మిగతా మూట ఎత్తుకుని పైకి వెళ్ళిపోయారు. నేను కేకు వాడితో గుడ్డు లేనిదే కావాలని చెబుతూనే ఉన్నాను. ఐదు నిమిషాలయ్యాక మేడ మీంచి గొంతు వినపడింది.

"కవకచ్చేకశా!"

అంత గట్టిగా ఆ పిల్ల గొంతు వినడం అదే మొదలు. కిందికి పరిగెత్తి ఇస్త్రీ ఆయన్ని అడిగితే, ముందు రోజే వచ్చి మూట అడిగిందని, ఎలా ఎత్తుకోవాలో రెండుసార్లు చూపించానని, చెప్పులు కూడా తనవేనని చెప్పాడు. ఆయన కాళ్ళకు చెప్పుల్లేవు. మా వాచ్‌మన్ అప్పటిదాకా ఆ బండి పక్కనే నిలబడి ఉన్నాడు. కేకు మొదటి ముక్క ఆ పిల్లకు, రెండోది ఆయనకు వెళ్ళాయి. ఆయన పేరేమిటో నాకు తెలియదని ప్లేటు చేతికిస్తున్నప్పుడు గుర్తొచ్చింది, అడిగి తెలుసుకున్నాను.

జూన్ మొదటి వారంలో, ఆట అయిపోయిందని నేను అనుకుంటున్న రోజుల్లో, మా ఆయన ఆఫీసుకెళ్ళే తొందరలో ఇస్త్రీ చొక్కా వేసుకుని జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. మామూలు పచారీ చీటీ. వరసల మధ్యలో గోధుమరంగు అక్షరాలు. బొగ్గుల పెట్టె తన పని తాను చేసింది. ఆయన వంటింట్లోకొచ్చి, రంగు మారిన మొహంతో ఆ కాగితం నా ముందు పెట్టారు.

"చొప్ప సైచిల్ చావాలి."

"ఎవరే ఈ సైచిల్? ఎందుకు చావాలి? మన ఇంటికెలా వచ్చిందిది?"

నాకు నవ్వు ఆగడం లేదు. చ పైన క, ప పైన త అని వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాను. కొత్త, సైకిల్, కావాలి. తలుపు చాటున మా వాడి నీడ కదిలింది. ఆయన ఊపిరి పీల్చుకుని, "వాడికి నోరు లేదా, అడగొచ్చు కదా" అని, జవాబు కోసం వాళ్ళమ్మ వైపు చూశారు. అత్తయ్యగారు వత్తి నలుపుతూ, తలెత్తకుండా, తలుపు వైపుగా ఒకే ఒక్క మాట అన్నారు.

"కచూకద్దాం."

తలుపు వెనక నుంచి కేక. మా ఆయన నా కేసి తిరిగి, "ఇప్పుడావిడ ఏమన్నట్టు?" అన్నారు.